పిల్లల్ని ఎవరింట్లో వదలాలి?



మన తునిలో తల్లులూ పనికి వెళ్తున్నారు. 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని 2017లో చట్టం సవరించారు గాని, మన చిన్న కొట్లకు అది వర్తించదు. 1975లో మొదలైన పథకం కింద అంగన్‌వాడీలున్నా, రాత్రి కొట్టు కట్టేదాకా తెరిచి ఉండవు. ఇక మిగిలింది పొరుగింటి ఖాలాయే.

ఖాలా మంచిదే, కాదనం. కాని చుట్టరికం ఒక్కటే చూసి బిడ్డను అప్పగించొద్దని మా మనవి. నీళ్ల తొట్టికి మూత ఉందా, పొయ్యి నేలమీద ఉందా, ఆవిడ ఒక్కతే ఎంతమందిని చూస్తోంది, ఆ ఇంటికి ఎవరెవరు వచ్చిపోతుంటారు, ఇవన్నీ కళ్లారా చూడాలి. జానెడు నీళ్లున్నా పాకే బిడ్డకు ప్రమాదమే. ఏడుపు ఆపడానికి నిద్రమందు పట్టే ఇల్లయితే ఆ గడప తొక్కొద్దు. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లండి. ముఖం చిట్లిస్తే వేరేచోటు వెతుక్కోండి.

అన్నట్టు, మనవాళ్లే కదా అని నెల డబ్బు ఎగ్గొట్టకండి. ఒకటో తారీఖునే ఆవిడ చేతిలో పెట్టండి. పాలు, మార్చే బట్టలు మనమే పంపాలి.