జీతం కోసే ముందు సంజాయిషీ అడగండి

(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మనం పాలు పోసే రైతులమే గాని యజమానులం కాదని చాలామంది అనుకుంటారు. కాని కార్యదర్శికి, టెస్టరుకు, క్యాన్లు మోసే మనిషికి నెలనెలా జీతమిచ్చేది సంఘమే కదా! ఇద్దరే పనివారున్నా, చట్టం దృష్టిలో సంఘం యజమానే.

కొన్నేళ్ళ కిందట ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా, టెస్టరుకు సగం జీతమే ఇచ్చినట్లు కనబడింది. అడిగితే, "రెండు క్యాన్ల పాలు విరిగాయండీ, అతని ఖాతాలో రాశాం" అన్నారు. ఆ రోజు లారీ షీటు తీయించి చూశాను. ఉదయం ఏడింటికి రావలసిన లారీ పదకొండింటికి వచ్చింది. మే నెల. పాలు విరగక ఏమవుతాయి? ఆ కుర్రవాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. తీర్మానం రాసి సంతకాలు చేశారు. చేసినవారు చెడ్డవారేమీ కారు, నేనెరిగినవారే. సొమ్ము తిరిగి ఇప్పించేసరికి అతను పని మానుకుని వెళ్ళిపోయాడు. వెన్న శాతం సరిగా తీసే మనిషి మళ్ళీ దొరకడానికి ఆ సంఘానికి చాలా నెలలు పట్టింది.

ఇటువంటి కోతలకు 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలోనే హద్దులుండేవి. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఇది చిన్న సంఘాలకూ వర్తిస్తుంది. పనివాని అజాగ్రత్త వల్ల నష్టం వస్తేనే కోయాలి. అదీ జరిగిన నష్టానికి మించరాదు, సంజాయిషీ అడగకుండా అసలే కోయరాదు. జరిమానా సంగతి వేరు. ఏ తప్పుకు జరిమానా వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందుగా ప్రకటించి ఉండాలి. ఆ నెల జీతంలో నూటికి మూడు రూపాయలు దాటరాదు. లెక్కకు, 12,000 జీతమైతే 360 రూపాయలే. అన్ని కోతలూ కలిపినా సగం జీతం మించరాదు.

నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ దాటకుండా ఇవ్వాలి. యూనియన్ నుంచి పాల బిల్లు రాలేదన్న సాకు పనికిరాదు. పని మానినా, మీరు తీసివేసినా, రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి.

సంజాయిషీ అంటే పెద్ద కోర్టు వ్యవహారమేమీ కాదు. ఫలానా తేదీన, ఫలానా పూట, ఇన్ని లీటర్లు పాడయ్యాయి, మీరేమంటారని ఒక కాగితం ఇవ్వండి. జవాబుకు కొన్ని రోజులు గడువివ్వండి. రాయడం రానివాడైతే చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోండి. ఆ జవాబునూ లారీ షీటునూ పక్కపక్కన పెట్టుకుని సమావేశంలో చదవండి. ఆ తరువాత కోసింది ఏదైనా ఉంటే రిజిస్టరులో రాయండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నేను ముందుగా అడిగేది ఆ రిజిస్టరే.