సుఖ ప్రసవానికి మన వంతు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క, స్త్రీనిధి లెక్క ఇందాక విన్నాం. మేము చెప్పబోయేది ఇంకో లెక్క. కాన్పుల లెక్క. దీనికీ మన అప్పులకూ సంబంధం ఉంది కాబట్టే ఈ సభలో చెబుతున్నాం.

అప్పుల వాడకం చూడటానికి ఈ ఏడు ఇళ్లకు తిరిగినప్పుడు ఒక అక్క పుస్తకంలో "బర్రె కోసం" అని రాసి ఉంది. ఇంటికి పోతే కొట్టంలో బర్రె లేదు. అడిగితే, "బిడ్డ కాన్పుకు అయిపోయినయి" అన్నది. "అయ్యగారితో ముహూర్తం పెట్టించింది మేమే. ఆ టైముకే పెద్దాపరేషన్ చేయమని అడిగింది మేమే. డాక్టరమ్మ కూడా వద్దనలేదు" అన్నది. ఆ బిడ్డ మూడు నెలలు బీడీలు చుట్టడానికి కూర్చోలేకపోయింది. బర్రె రాలేదు గానీ కిస్తీ మాత్రం నెలనెలా వచ్చింది. ఆ అక్క ఈ సభలోనే ఉన్నది. మీరు చెప్పండి, పదిమందికీ తెలవాలి అన్నందుకే చెబుతున్నాం.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 100 కాన్పులలో 97 ఆసుపత్రిలోనే జరుగుతున్నాయి. ఇది చిన్న విషయం కాదు. ప్రతి లక్ష కాన్పులకు 2014–16లో 81 మంది తల్లులు చనిపోతుంటే, 2018–20 నాటికి అది 43కు తగ్గింది. ఆశాలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు, మన సంఘాలు ఇల్లిల్లూ తిరిగి ఆసుపత్రికి పోవాలని చెప్పినం. మన మాట జనం విన్నారు.

కానీ అదే సర్వే ఇంకో మాట కూడా చెప్పింది. మన రాష్ట్రంలో 100 కాన్పులలో దాదాపు 61 పెద్దాపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రులలో 100కు 80 దాటింది. సర్కారు దవాఖానలలో సుమారు 45. దేశం మొత్తం మీద చూస్తే 22కు మించలేదు. మన ఆడబిడ్డల ఒళ్లేమైనా వేరే తీరుగా ఉన్నదా?

పెద్దాపరేషన్ చెడ్డది అని మేము అనడం లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉండి రక్తం పోతున్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా ఆపరేషనే తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. అప్పుడు ఒక్క నిమిషం ఆలోచించొద్దు. అవసరం లేకుండా కోస్తేనే నష్టం. రక్తం ఎక్కువ పోవచ్చు, కుట్లకు చీము పట్టవచ్చు, మొదటి గంటలో ముర్రుపాలు ఇవ్వడం ఆలస్యం కావచ్చు, తర్వాతి కాన్పులో మాయ చిక్కులు రావచ్చు. నాట్లు, కలుపు, కూలి మీద బతికే మనకు ఒళ్లే ఆస్తి.

మరి దీనికి దారి ఏమిటి? మన రాష్ట్రంలోనే ఒక లాభాపేక్ష లేని సంస్థ ఒక దారి చూపింది. ఆ కథ మీకు చెప్పాలి.

1948లో హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ దంపతులు రెండు మంచాలతో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి పెట్టారు. అదే పెరిగి పెద్దదై ఈ రోజు ఫెర్నాండెజ్ ఫౌండేషన్ అయింది. అది ఉచిత ఆసుపత్రి కాదు. మనలో చాలామంది దాని గడప తొక్కి ఉండం. అయినా దాని పని మన ఊళ్ల దాకా వచ్చింది. ఎట్లాగంటే, ఆ దంపతుల కూతురు డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ తాను ప్రసూతి డాక్టరే అయినా, ఏ చిక్కూ లేని కాన్పుకు బాగా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చాలు అన్నారు. 2011లో తమ ఆసుపత్రిలోనే నర్సులకు మిడ్‌వైఫ్ చదువు మొదలుపెట్టారు.

ఆ చదువు ఒక్క ఆసుపత్రికే ఆగిపోతే మనకు ఒరిగేది తక్కువ. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఈ ఫౌండేషన్ కలిసి సర్కారు దవాఖానలలో పనిచేసే స్టాఫ్ నర్సులను తీసుకొని కరీంనగర్‌లో శిక్షణ మొదలుపెట్టాయి. మొదటి బ్యాచ్‌లో 30 మంది. ఏడాదిన్నర చదువు. తర్వాత 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది.

మిడ్‌వైఫ్ అంటే పాత కాలం మంత్రసాని కాదు. మళ్లీ ఇంట్లో కాన్పులకు పోదామని కూడా ఎవరూ చెప్పడం లేదు. ఆమె నర్సు చదువు మీద ఇంకో చదువు చదివిన మనిషి. పనిచేసేది దవాఖానలోనే. గర్భిణికి ముందునుంచే నడక, తేలికపాటి వ్యాయామాలు నేర్పుతుంది. నొప్పులప్పుడు మంచం మీద వెల్లకిలా కట్టేసినట్టు పడుకోబెట్టదు. తిరగనిస్తుంది, నీళ్లు తాగనిస్తుంది, నడుము రాస్తుంది. పక్కకు తిరిగి పడుకుంటావా, గొంతుకు కూర్చుంటావా అని అడుగుతుంది. అవసరం లేకుండా కింద కత్తెర పెట్టదు. పుట్టిన బిడ్డను వెంటనే తల్లి రొమ్ము మీద వేస్తుంది. మాట తేడా వస్తే, అంటే బీపీ పెరిగినా, బిడ్డ గుండె చప్పుడు మారినా, డాక్టర్‌ను పిలుస్తుంది. ఎక్కడిదాకా తన పని, ఎక్కడినుంచి డాక్టర్ పని అన్నది తెలిసి ఉండటమే ఆమె చదువులో పెద్ద పాఠం.

ఇంకొక మాట. నొప్పులు పడుతున్న ఆడమనిషిని కసరడం, చెయ్యి చేసుకోవడం మనలో ఎంతమందికి ఎదురు కాలేదు? గౌరవంగా చూడటం కూడా వైద్యంలో భాగమే అన్నది ఈ చదువు. నొప్పులప్పుడు తనకు నచ్చిన మనిషి పక్కన ఉండాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

అన్ని దవాఖానలలో మిడ్‌వైఫ్‌లు ఇంకా లేరు. ఉన్నచోట కూడా ఒక చిక్కు ఉంది. "ఇంకెంతసేపు ఈ నొప్పులు, కోసి తీయండి" అని తలుపు కొట్టేది మనమే. తల్లులం మనమే, అత్తలం మనమే. తొలిచూలుకు నొప్పులు ఒక పగలు, ఒక రాత్రి పట్టినా పట్టవచ్చు. ఆ ఓపిక మనకు లేకపోతే ఎంత చదివిన మిడ్‌వైఫ్ అయినా ఏం చేస్తుంది?

అందుకే ఈ ఏడాదికి మా ఉపసంఘం నాలుగు పనులు మీ ముందు పెడుతున్నది.

ఒకటి, ముహూర్తం చూసి కోయించుకోవద్దు. పుట్టిన గడియ చూసి జాతకం రాయించుకోండి, గడియ చూసి బిడ్డను పుట్టించొద్దు.

రెండు, ప్రతి గ్రామైక్య సంఘం నెల మీటింగులో ఊళ్లోని గర్భిణుల పేర్లు చదవాలి. ఏడో నెల పడ్డ ప్రతి ఇంటికి ఇద్దరు సభ్యులు ఆశాతో కలిసి పోవాలి. కోడలితో పాటు అత్తనూ తల్లినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. తలనొప్పి, చూపు మసకబారడం, రక్తం పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, ఉమ్మనీరు పోవడం, ఫిట్స్, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయాలని చెప్పాలి.

మూడు, ఆపరేషన్ అన్నప్పుడు "ఎందుకు? ఇంకాసేపు చూస్తే ఏమవుతుంది?" అని మర్యాదగా అడగాలి. అడగడం తప్పు కాదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం సర్కారు దవాఖానలో కాన్పు ఉచితం, ఆపరేషన్ అయినా ఉచితమే. అప్పు చేసే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

నాలుగు, మన దగ్గరి దవాఖానకు మిడ్‌వైఫ్‌లను ఇవ్వాలని ఈ సభ తీర్మానం చేసి జిల్లా వైద్యాధికారికి పంపాలి.

బర్రె కొనలేకపోయిన ఆ అక్క చిన్నబిడ్డకు ఇప్పుడు ఆరో నెల. "ఈసారి ముహూర్తం చూడను, పక్కన కూర్చొని నడుము రాస్త" అన్నది. మనందరం ఆ మాట అనాలని కోరుతూ, తీర్మానానికి చేతులెత్తమని అడుగుతూ సెలవు తీసుకుంటున్నాం.