మూడో ఓఎస్ ఏమైపోయింది?

మహానంది నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, ఆండ్రాయిడ్, ఐఫోన్ తప్ప మూడో ఓఎస్ ఎందుకు లేదు?" అని ఒకరు కామెంట్ పెట్టారు. ఉండేది తమ్ముడూ. అదీ మైక్రోసాఫ్ట్‌ది.

2011 ఫిబ్రవరిలో నోకియా తన సింబియన్‌ను పక్కన పెట్టి మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. ఫోన్ నోకియాది, లోపల విండోస్. అట్లా వచ్చినవే లూమియా ఫోన్లు. కెమెరా సూపర్, తక్కువ ర్యామ్‌లోనూ స్మూత్‌గా నడిచేవి. మరి ఎందుకు పోయాయి?

మా ఊరి చుట్టూ అరటి తోటలే కదా. ఇక్కడ ఎవరైనా కొత్త మార్కెట్ పెట్టారనుకోండి. వ్యాపారులు రాలేదని రైతు గెలలు తీసుకుపోడు, గెలలు రాలేదని వ్యాపారి లారీ పంపడు. షెడ్డు ఎంత బాగా కట్టినా ఖాళీనే. విండోస్ ఫోన్‌కూ అచ్చం ఇదే జరిగింది. యూజర్లు లేరని డెవలపర్లు యాప్స్ రాయలేదు, యాప్స్ లేవని యూజర్లు రాలేదు. గూగుల్ అయితే యూట్యూబ్ యాప్ చేసివ్వలేదు. మైక్రోసాఫ్టే సొంతంగా చేసుకుంటే, 2013లో దాన్ని బ్లాక్ చేసింది. పక్క మార్కెట్ వాడు తన లారీలను ఇటు రానిస్తాడా మరి!

ఇక్కడే మన తెలుగాయన వస్తారు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. నోకియా ఫోన్ల వ్యాపారం కొందామా అని అప్పటి సీఈఓ బాల్మర్ అడిగితే, తాను వద్దనే ఓటేశానని 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో రాసుకున్నారు. అయినా కొన్నారు. 2014 ఫిబ్రవరిలో నాదెళ్ల సీఈఓ అయ్యారు, ఏప్రిల్‌లో డీల్ పూర్తయింది. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి, 7,800 దాకా ఉద్యోగాలు తీసేస్తామన్నారు. వద్దన్న మనిషే ఆ లెక్క తేల్చాల్సి వచ్చింది.

ఫోన్ల నుంచి అట్లా తప్పుకోకుండా ఉండాల్సిందేమో అన్నట్టు 2023లో ఒక ఇంటర్వ్యూలో ఆయనే మాట్లాడారు. నాకైతే నమ్మకం లేదు. అప్పటికే లారీలన్నీ వేరే మార్కెట్లో ఉన్నాయి.

ఇప్పుడు మిగిలింది రెండే మార్కెట్లు కాబట్టి రూల్స్ కూడా వాళ్లవే. మన దేశంలో ఫోన్ కంపెనీకి ప్లే స్టోర్ కావాలంటే అప్పట్లో గూగుల్ యాప్స్ మొత్తం కట్టగట్టి తీసుకోవాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ విషయంలో ఇట్లాంటి షరతుల మీదే 2022 అక్టోబర్‌లో మన కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల ఫైన్ వేసింది. 2023 జనవరిలో గూగుల్ కొన్ని రూల్స్ సడలించింది. కొత్త ఫోన్ సెటప్‌లో ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో మనమే ఎంచుకునే ఆప్షన్ అట్లా వచ్చిందే.

ఆ స్క్రీన్ మీద గూగుల్ కాకుండా వేరేది నొక్కినవాళ్లు మీలో ఎంతమంది? కామెంట్లో పెట్టండి, నిజం చెప్పాలి మళ్లీ.