పాదమునకు తగిన పాదరక్ష
(తల్లిదండ్రుల సమావేశమునందు సంఘము పక్షమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఇట్టి సమావేశములందు చదువును గూర్చియు, పరీక్షలను గూర్చియు, మాతృభాషా బోధనమును గూర్చియు ముచ్చటించుట మన ఆనవాయితీ. నేడు మేము మీ బిడ్డల పాదములను గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిమి. ఇది అల్పవిషయమని కొందరికి తోచవచ్చును. కాని ఉదయము ప్రార్థనకు నిలిచిన వరుసలను వెనుకనుండి పరికించినచో, ఒకరు మడమను బూటులోనుండి సగము వెలికి దీసి నిలుచుటయు, ఒకరు ఒంటికాలిపై బరువు మోపుటయు, ఆటల గంట మ్రోగగనే మరియొకరు ఏదో మిష పెట్టి చెట్టు నీడకు చేరుటయు కన్పట్టుచుండును. ఏమైనదని అడిగినచో, "ఏమియు లేదండీ" యను ఉత్తరము వచ్చును. బూట్లు విప్పించి చూచినపుడు గాని అసలు సంగతి బయటపడదు. మడమపై బొబ్బ, చిటికెనవ్రేలిపై కాయ, ఒకదానిపై నొకటి ఎక్కిన వ్రేళ్లు.

బిడ్డలు ఈ బాధను ఏల చెప్పరు? ఇంటి సంగతులు వారికి మనము తలచిన దానికంటె ఎక్కువగా తెలియును. తండ్రికి జీతము వచ్చు తేదీ పదేండ్ల బిడ్డకు కూడ తెలిసియుండును. బూట్లు కొని ఆరు నెలలైనను కాలేదని తెలియును. కావున ఓర్చుకొందురు. ఓర్వరాని బాధలను లెక్కించునపుడు వేమన యోగి చెప్పులోని రాయిని మరవలేదు. పెద్దలకే ఓర్వరాని దానిని పసివారు నోరు మెదపక ఓర్చుకొనుచుండగా, కనిపెట్టవలసిన భారము మనది.

మానవుని పాదమునందు ఇరువదియారు ఎముకలు కలవు. పసితనమున వానిలో పెక్కుభాగము మెత్తని మృదులాస్థిగా నుండి, వయసుతో క్రమముగా గట్టిపడును. ఈ పని కౌమారము ముగియు వరకు సాగుచునే యుండును. మెత్తని ఎముక ఒత్తిడికి లొంగును గాని వెంటనే నొప్పి చెప్పదు. ఇరుకు బూటులో వ్రేళ్లు మెల్లగా వంగిపోవుచుండగా బిడ్డకు తెలియకుండుటకు ఇదియొక కారణము. గోరు లోపలికి పెరుగుట, బొటనవ్రేలు ప్రక్కకు ఒరగుట, కాయలు కాయుట మొదలగునవి బిగుతైన పాదరక్షల వలన కలుగుటయో, హెచ్చుటయో జరుగును.

ఇరుకు బూట్లు చెడ్డవని ఎల్లరు నంగీకరింతురు. మన ఇండ్లలో ఎక్కువగా జరుగునది దీనికి విరుద్ధమైన పని. "పెరుగు బిడ్డ గదా, రెండేండ్లు రావలె" నని పెద్దవి కొందుము. ఈ పొదుపు ఎంతవరకు పొదుపో లెక్క వేసి చూతము. మూడు మొదలు ఆరేండ్ల ప్రాయమున బిడ్డ పాదము సంవత్సరమునకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. ఆపైన వేగము కొంత తగ్గును. మన అంగళ్లలో వాడుకలోనున్న ఆంగ్ల కొలతలో ఒక సైజునకును మరియొక సైజునకును భేదము అంగుళములో మూడవ వంతు, అనగా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండేండ్లకని రెండు సైజులు పెద్దవి కొన్నచో, మొదటి నాడు పదునేడు మిల్లీమీటర్లు అదనపు చోటు మిగులును. నడచునపుడు పాదము లోపల ముందుకు వెనుకకు జారును. మడమ ఒరసికొని బొబ్బలెక్కును. బూటు ఊడిపోకుండుటకై బిడ్డ వ్రేళ్లను ముడుచుకొని నడచును. పాదము ఆ బూటునకు సరిపోవు నాటికి అడుగు అరిగి, మడమ వంకరపోయి, కుట్లు వీడియుండును. రెండేండ్లకని కొన్నది సరిగా నమరిన దినములు కొన్ని మాత్రమే.

ఈ అంకెల పుట్టుక ఎట్టిదో తెలిసినచో అంగడిలో కలవరము తగ్గును. ఆంగ్లేయులు మూడు బార్లీగింజల పొడవును ఒక అంగుళముగా లెక్కించిరి. అందులో ఒక గింజ ఒక సైజు. మన అర్థశాస్త్రము కూడ ఎనిమిది యవగింజల వెడల్పును ఒక అంగుళముగా చెప్పినది. రెండు దేశములును గింజతోనే కొలిచినవి, ఒకరు పొడవున, ఒకరు అడ్డముగా. ఆంగ్ల పద్ధతిలో పిల్లల సైజులు నాలుగంగుళముల వద్ద సున్నతో మొదలై పదమూడు వరకు పోయి, మరల ఒకటితో ఆరంభమగును. పదమూడు తరువాత ఒకటి వచ్చుటకు అంగడివాని పొరపాటు కారణము కాదు. ఐరోపా దేశముల పద్ధతిలో సెంటీమీటరులో మూడింట రెండు వంతులు ఒక సైజు. ఈ రెండు పద్ధతులును కొలుచునది బూటు కుట్టు అచ్చును గాని పాదమును గాదు. కాబట్టియే ఇద్దరు తయారీదారుల ఐదవ నంబరు ఒకే తీరున నుండదు.

పాదమును సూటిగా కొలుచు సాధనమును 1920వ దశకమున అమెరికాలోని సిరక్యూస్ నగరవాసియగు చార్లెస్ బ్రానాక్ రూపొందించెను. అది పాదము పొడవును, వెడల్పును, మడమనుండి బొటనవ్రేలి మొదటి కణుపు వరకు గల దూరమును చూపును. ఆ కాలముననే పాశ్చాత్య దేశముల అంగళ్లలో బూటులోని పాదపుటెముకలను ఎక్స్‌రే యంత్రముతో చూపించు వింత ప్రబలినది. పిల్లలు దానిని వేడుకగా చూచెడివారు. కిరణములవలన కలుగు హాని తెలిసిన పిమ్మట 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రము దానిని నిషేధించినది. క్రమముగా తక్కిన చోట్లను మాయమైనది. పాదమునకు బూటు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు అంత ఆర్భాటము అక్కరలేదు. బ్రొటనవ్రేలితో నొక్కి చూచుట చాలును.

మనము తరతరములుగా నివసించుచున్న ఈ వేలూరు సీమ తోళ్ల పరిశ్రమకు ప్రసిద్ధి కెక్కినది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల తోలు, బూట్లు దేశదేశములకు పోవుచున్నవి. మదరాసులోని అడయారున 1948లో స్థాపితమైన కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థకు చాలకాలము అధిపతిగానుండి దానికి పేరు తెచ్చిన యలవర్తి నాయుడమ్మగారు గుంటూరు జిల్లా యలవర్రు గ్రామమున 1922లో జన్మించిన తెలుగువారు. ఈ సంస్థవారే 2021 డిసెంబరునకును 2022 మార్చికిని నడుమ దేశమంతట లక్షకు పైగా జనుల పాదములను కొలిపించి, భారతీయులకై "భ" యను కొత్త కొలతను ప్రతిపాదించిరి. మనవారి పాదములు ఐరోపీయుల పాదములకంటె వెడల్పైనవని ఆ కొలతలలో తేలినది. బాలికల పాదము సగటున పదునొకండేండ్లకును, బాలుర పాదము పదునైదు, పదునారేండ్లకును పూర్తి పరిమాణమునకు వచ్చుననియు తెలిసినది. పొడవు సరిపోయినను ప్రక్కల ఒరసికొనుచున్నదని మీ బిడ్డ చెప్పినచో, గారాబమని త్రోసిపుచ్చకుడు. పొడవు పెంచి వెడల్పు సాధింపబోకుడు. వెడల్పైన అచ్చుపై కుట్టిన బూటును వెదకుడు.

పని మారినచో అమరిక కూడ మారును. మంచుపై పలకను కాళ్లకు బిగించి జారు స్నోబోర్డు ఆటను దీనికి నిదర్శనముగా చెప్పవచ్చును. 1998లో జపానులోని నగానోయందు ఒలింపిక్సున ప్రవేశించిన ఈ ఆట నేడు కాశ్మీరములోని గుల్‌మార్గునందును సాగుచున్నది. దాని బూట్ల కొలత మోండోపాయింటు. అనగా పాదము పొడవే సైజు. పాదము ఇరువదియారు సెంటీమీటర్లైనచో బూటు అంకెయు అదియే. అందు నిటారుగా నిలిచినపుడు వ్రేలికొనలు లోపలి గోడను తాకియు తాకనట్లుండవలెను. మోకాళ్లు వంచినపుడు వ్రేళ్లు కొంచెము వెనుకకు తగ్గును. మడమ మాత్రము లేవరాదు. మడమ లేచినచో పలక మాట వినదు, ఆటగాడు పడిపోవును. లోపలి మెత్త వాడుకతో అణగి వదులగును గాన, మొదటి నాడే వదులుగా కొనరాదు. చలియని రెండు జతల మేజోళ్లు తొడుగుటయు తప్పే; పలుచని జత యొకటి చాలును. బడి బూటునకు వ్రేళ్ల ముందు చోటు కావలెను, మంచు బూటునకు అంత అక్కరలేదు. కాని మడమ నిలకడగా నుండవలెనను నియమము రెంటికిని సమానమే.

ఇక ఇంటిలో చేయదగినది చెప్పెదము. సాయంకాలమున కొలువుడు, దినమంతయు నడచిన పాదము కొంచెము ఉబ్బియుండును. గోడకు మడమ ఆనించి కాగితముపై బిడ్డను నిలువబెట్టి, మిక్కిలి పొడవైన వ్రేలికొన వద్ద గీత గీయుడు. కొందరికి బొటనవ్రేలికంటె రెండవ వ్రేలు పొడవు. రెండు పాదములను కొలిచి, పెద్దదానినే లెక్కకు తీసికొనుడు. ఆ కాగితమును అంగడికి తీసికొనిపోవుడు. లోపలి అట్ట వెలికి వచ్చునదైనచో తీసి, దానిపై బిడ్డను నిలువబెట్టుడు. వ్రేళ్ల ముందు ఒక సెంటీమీటరు మిగిలినచో చాలును, ప్రక్కలకు పాదము పొంగరాదు. బడికి తొడుగు మేజోళ్లతోనే తొడిగించుడు. లేసు బిగించి, అంగడిలో ఇరువది అడుగులు నడిపించుడు. మడమ జారరాదు. బూటు వ్రేళ్లు వంగు చోటనే వంగవలెను, నడుమ విరుగరాదు. "వాడగా వాడగా సాగును" అను అంగడివాని మాటపై బిగుతు బూటు కొనకుడు.

అన్న బూటు తమ్మునికి వేయవచ్చునా యని మీరడుగుచుందురు. అడుగు సమముగా అరిగి, మడమ వంగక, లోపలి అట్టపై అన్న వ్రేళ్ల గుంటలు లోతుగా పడకయున్నచో వేయవచ్చును. లేనిచో ఒకరి పాదపు తీరును మరియొకరిపై రుద్దినట్లగును.

ఈ విషయమున సంఘము మూడు ఏర్పాట్లు చేయుచున్నది. సంవత్సరమునకు రెండు మారులు, పాఠశాల తెరచినపుడును, దసరా సెలవుల పిమ్మటను, ప్రతి బిడ్డ పాదము కొలిచి చీటీ ఇంటికి పంపబడును. చిన్నవైపోయిన మంచి బూట్లను కడిగి తెచ్చి యిచ్చినచో, పేర్లు వ్రాయక బీరువాలో నుంచి, కావలసినవారికి ఒసగబడును. బూటు సరిపోని బిడ్డ తల్లిదండ్రుల చీటీతో చెప్పులు తొడిగి రావచ్చును. దానికై శిక్షగాని, వరుసలో వెనుకకు నిలుపుటగాని ఉండదు. దుస్తుల నియమము బిడ్డల మధ్య హెచ్చుతగ్గులు కన్పట్టకుండుటకై యేర్పడినది. అదియే ఒక బీదబిడ్డను కుంటించినచో దాని ఉద్దేశమే చెడును.

తుదకు ఒక మనవి. మన తెలుగున చెప్పు "కరచును". ఇరుగుపొరుగు తమిళమునను చెప్పు కరచునే. ఏ భాషలో చెప్పినను ఆ మాటను వినుడు. బిడ్డ చెప్పనిచో రాత్రి పరుండునపుడు దాని అరికాళ్లను, మడమలను, వ్రేళ్ల సందులను ఒకమారు దీపపు వెలుగున చూడుడు. మడమ, చీలమండ, మునివ్రేళ్లు, అరికాలు అను మాటలను ఆ వేళనే నేర్పుడు. నొప్పి యెచ్చటనో చెప్పుటకు మాట తెలిసిన బిడ్డ దానిని దాచుకొనదు.