మోటారు కింద తడి కనిపిస్తే

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అపార్టుమెంట్లలో సంపు నీళ్లను పైట్యాంకుకు ఎక్కించేది చాలాచోట్ల మోనోబ్లాక్ మోటారే. షాఫ్టు దగ్గర చుక్కలు పడుతుంటే సీల్ అరిగిందేమో చూడండి. ఊరుకుంటే నీరు బేరింగులోకి, ఆపై వైండింగులోకి చేరుతుంది. అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు.

ముందు మెయిన్ ఆపాలి. పంపు విప్పి ఇంపెల్లర్ తీస్తే సీల్ కనిపిస్తుంది. సాధారణంగా స్ప్రింగు నొక్కుతుండగా తిరిగే నల్లటి కార్బన్ ముఖం ఒకటి, కదలకుండా కూర్చునే తెల్లటి సిరామిక్ రింగు ఒకటి. అద్దంలా నునుపైన ఆ రెండూ అతుక్కుని ఉంటేనే నీరు ఆగుతుంది. వాటి మధ్య ఇసుక రేణువు పడినా కారుడే! చేతి జిడ్డు కూడా తగలనివ్వకండి.

పాత సీల్ పట్టుకెళ్లి అదే సైజు తెచ్చుకోండి. షాఫ్టు తుప్పు తుడిచి, రబ్బరుకు సబ్బునీళ్లు రాసి మెల్లగా ఎక్కించాలి. సుత్తి వద్దు. బిగించాక పంపులో నీళ్లు నింపకుండా మాత్రం స్విచ్చి వేయకండి. పొడిగా తిరిగితే కొత్త సీల్ కాసేపట్లోనే మాడిపోతుంది.