బండ్లు లేని ఊళ్ళో మూడు రోజులు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రీసు వెళ్ళొచ్చానంటే ఏథెన్స్ సదస్సులో ఏం తీర్మానాలు చేశారో చెబుతాననుకుంటున్నారేమో. ఆ రిపోర్టు రాసి ఆఫీసులో పెట్టాను, చదువుకోండి. ఇవాళ చెప్పేది సదస్సు అయ్యాక నా సొంత డబ్బుతో మూడు రోజులు వుండి వచ్చిన ఒక ద్వీపం గురించి. పేరు హైడ్రా. నవ్వకండి. హైదరాబాదులో 2024 నుంచి ఆ మాట వింటే బుల్డోజరు గుర్తొస్తుందని నాకూ తెలుసు. గ్రీకులు మాత్రం 'ఈద్రా' అంటారు.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. పన్నెండేళ్ళ కింద రోడ్డు దాటుతుంటే బండి గుద్ది కుడి మోకాలు పాడైంది. అప్పటినుంచి హారన్ మోగితే ఒళ్ళు బిగుసుకుపోతుంది. స్వేచ్ఛ గురించి గంటలు మాట్లాడేదాన్ని, కూరగాయలకి రోడ్డు దాటాలంటే పక్కింటి పిల్లవాణ్ణి పిలుస్తాను. అందుకే కార్లూ మోటారు సైకిళ్ళూ నిషేధించిన ఊరు ఒకటుందని విన్నప్పుడు చూడాలనిపించింది.

పిరేయస్ రేవు నుంచి వేగంగా పోయే పడవలో రెండు గంటల లోపే చేరాం. గుర్రపునాడా ఆకారంలో రేవు, దాని చుట్టూ కొండ మీదికి ఎక్కుతూపోయిన రాతి ఇళ్ళు. చెత్త ఎత్తే లారీలాంటి ఒకటి రెండు మునిసిపాలిటీ బండ్లు తప్ప రోడ్డు మీద ఇంజను లేదు. సిమెంటు బస్తాలు, ఫ్రిజ్‌లు, సూట్‌కేసులు అన్నీ కంచర గాడిదల వీపు మీదే. దూరంగా వున్న బీచులకు పడవ టాక్సీలు.

మొదటి రాత్రి పదకొండింటికి ఒక్కదాన్నే బయటికి వెళ్ళాను. అలవాటుగా గోడ వారన నడుస్తున్నాను. కాసేపటికి చూసుకుంటే వీధి నడిమధ్యన వున్నాను! వెనక్కి తిరిగి చూడకుండా ఎంతసేపు నడిచానో తెలీదు. పిల్లలు ఇంకా ఆడుకుంటున్నారు, గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని ముసలమ్మలు కబుర్లు చెప్పుకుంటున్నారు. మగవాళ్ళు అక్కడా మగవాళ్ళే, ఆ విషయంలో నాకు భ్రమలు లేవు. కానీ వీధి ఇంజనుది కాకపోతే అది ఎవరెవరిది అవుతుందో ఆ రాత్రి నా కాళ్ళకి తెలిసింది.

రెండో రోజు ఊరి పైన కొండ మీదున్న ప్రొఫీతిస్ ఇలియాస్ మఠానికి బయల్దేరాను. దాని దగ్గర్లోనే సన్యాసినుల మఠం కూడా వుంది. సగం దారిలో మోకాలు మొరాయించింది. గాడిద నెక్కి, తోలేవాడి వెనక మూటలాగా కిందికి వచ్చాను. సిగ్గుగా అనిపించింది, గాడిద మీద జాలి కూడా కలిగింది.

ఆ సాయంత్రం నేను దిగిన ఇంటావిడ వేడినీళ్ళు తెచ్చిచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కొన్నాళ్ళు ఆస్ట్రేలియాలో వున్నందువల్ల ఇంగ్లీషు వచ్చు. "కార్లు లేవని వచ్చినవాళ్ళంతా మురిసిపోతారు. తుంటి ఆపరేషనయ్యాక నేను నాలుగు నెలలు రేవు మొహం చూడలేదమ్మా. ఇక్కడ మెట్లు ఎవరు కడిగారో, సరుకులు పైకెవరు మోశారో ఎవరూ అడగరు" అంది. బండ్లు లేకపోవడం నాకు విడుదల, ఆమెకు గృహనిర్బంధం. ఈ ముడి నేనింకా విప్పలేదు.

ఆ ఇల్లు ఆమెకు కట్నంగా వచ్చింది. వాళ్ళ మాట 'ప్రీకా'. దీవుల్లో తల్లి ఇల్లు కూతురికి ఇవ్వడం చాలాచోట్ల ఆచారం. గ్రీసులో స్త్రీలకు పూర్తి ఓటు హక్కు 1952లో వచ్చింది. 1983లో కుటుంబ చట్టం మార్చి కట్నాన్ని తీసేశారు. పెళ్ళయ్యాక కూడా స్త్రీ తన ఇంటిపేరే వుంచుకోవాలని అదే చట్టం చెప్పింది. మన కట్న నిషేధ చట్టం 1961 నాటిదని చెప్పాను. "మరి ఆగిందా?" అని అడిగింది. ఏం చెప్పను?

చూడదగ్గవి చాలా వున్నాయి. 1821 స్వాతంత్ర్య యుద్ధంలో ఈ దీవి ఓడలది పెద్ద పాత్ర. నౌకాధిపతి మియావులిస్ విగ్రహం, యుద్ధానికి తన సంపద ధారపోసిన లజారోస్ కుందురియోతిస్ భవనం (ఇప్పుడు మ్యూజియం) చూశాను. 1960లో లెనార్డ్ కోహెన్ కొన్న ఇంటిని వెతుక్కుంటూ జనం వస్తారు. అంతకు ముందే వచ్చి, ఇక్కడే మూడో బిడ్డను కని, ఈ ఊరి బతుకు మీద 1959లో పుస్తకం అచ్చువేసిన చార్మియన్ క్లిఫ్ట్‌ని అడిగేవాళ్ళు తక్కువ.

నాకు మటుకు మనసులో నిలిచింది బుబులీనా. తండ్రి ఈ దీవి కెప్టెను. ఆయన్ని కాన్‌స్టాంటినోపుల్ జైల్లో పెడితే చూడబోయిన తల్లికి 1771లో అక్కడే పుట్టింది. పక్కనున్న స్పెత్సెస్ దీవిలో స్థిరపడింది. ఇద్దరు భర్తలు పోయాక ఓడల వ్యాపారం తనే చూసుకుంది. 'అగమెమ్నోన్' అనే యుద్ధనౌక కట్టించి తనే నడిపింది. అంత యుద్ధం చేసి బతికిన మనిషి 1825లో ఎలా పోయింది? కొడుకు ఒక పిల్లను లేవదీసుకుపోయాడని ఆ పిల్ల తరపువాళ్ళు ఇంటి మీదికొచ్చారు. ఆ గొడవలో తుపాకి గుండు తగిలి చనిపోయింది. చదువుతుంటే మన జిల్లా పేపరులో వార్తలాగే వుంది.

తిరిగి పిరేయస్‌లో దిగాను. రేవు ఎదురుగా పెద్ద రోడ్డు, ఆగని ట్రాఫిక్. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. కూరగాయల సంచీతో ఒక ముసలమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమెకీ భయంగానే వుందనుకుంటాను. నా మోకాలి కేసి చూసి చెయ్యి చాపింది. ఇద్దరం పట్టుకుని దాటాం.