అధికారి భోజనము, పిల్లల ఆకలి

ఈ దినము నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము ధ్యానించుకొందము.

యెరూషలేములో కరవు వచ్చింది. ప్రజలు ధాన్యం కోసం పొలాలు, ఇండ్లు కుదువపెట్టారు. రాజు పన్ను కట్టడానికి అప్పు చేశారు. చివరకు కొడుకులను, కూతుళ్లను దాసులుగా అప్పగించారు. గమనించండి, కరవు ఒక్కటే ఆ పిల్లలను దాసులను చేయలేదు. పన్ను, వడ్డీ, పెద్దల దురాశ అందుకు తోడయ్యాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తల్లులకు ఈ అధ్యాయం కొత్త కాదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో సిరిసిల్లలో అప్పులపాలైన మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు చూశాము. తండ్రి పోయినా అప్పు పోలేదు. తల్లి బీడీల చాట ఒడిలో పెట్టుకుంటే, పక్కన కూతురు కూర్చుంది.

మంచి పాలన చేసే మేలు కూడా చూశాము. బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలైంది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇస్తే సిరిసిల్ల మగ్గాలకు పని దొరికింది. కాని బియ్యం తూకంలో తగ్గితే, వండే అమ్మకు బిల్లు నెలల తరబడి రాకపోతే, ఎంత మంచి ఆదేశమైనా పిల్లవాని పళ్లెం దాకా చేరదు.

నెహెమ్యా ప్రార్థనాపరుడు. అయినా ప్రార్థనతో ఊరుకోలేదు. పెద్దలను సభలో నిలదీసి పొలాలు, ఇండ్లు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. మునుపటి అధికారులు ప్రజల యొద్ద ఆహారము, ద్రాక్షారసము, 40 తులముల వెండి తీసుకున్నారు. ఇతడు 12 సంవత్సరములు అధికారి భోజనము ముట్టలేదు. అతడు తినని ఆ భోజనము ఎవరి పిల్లలకు మిగిలిందో ఆలోచించండి.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ప్రతి క్రిస్మస్‌కు పిల్లలకు బట్టలు పంచి తృప్తిగా ఇంటికి వెళ్లేవాణ్ణి. ఒకసారి బీడీలు చేసే ఒక తల్లి, "అయ్యగారూ, బట్టలిచ్చిన్రు, సంతోషమే. బడిల అన్నం మంచిగ పెడ్తలేరు. మీరొక్కసారి వచ్చి అడుగుతరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఏలువారి కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి వ్రాశాడు. ప్రార్థించండి. ప్రార్థించి లేచి గ్రామసభకు వెళ్లండి. 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది, లెక్క అడగండి. ఓటు అమ్ముకోకండి. దానికి పుచ్చుకున్న డబ్బు మీ బిడ్డ పళ్లెంలోనుండే తిరిగి వసూలవుతుంది.

పరలోకపు తండ్రీ, మా అధికారులకు నెహెమ్యా మనస్సును, మాకు నోరు తెరిచి అడిగే ధైర్యమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.